హార్మోన్ గర్భనిరోధక పద్ధతులపై క్లినికల్ పరిశోధన: తరచుగా అడిగే ప్రశ్నలు

గర్భనిరోధక మాత్రల పెట్టెలో మడిచిపెట్టిన కరపత్రంలో ఎన్నో అంకెలు ఉంటాయి. వాటిలో ప్రతి అంకె వెనుకా కొన్ని వేలమంది స్త్రీలు నెలల తరబడి రాసిన డైరీలు, ఇచ్చిన రక్త నమూనాలు, భరించిన ఇబ్బందులు ఉన్నాయి. ఆ అంకెలు ఎలా పుట్టాయో తెలిస్తే తప్ప వాటిని ఎంతవరకు నమ్మాలో తెలియదు. ఇక్కడి సమాధానాలు పరిశోధన జరిగే తీరును వివరించడానికి రాసినవి. ఫలానా వ్యక్తికి ఏ పద్ధతి సరిపడుతుందన్నది ఆమె ఆరోగ్య చరిత్ర తెలిసిన వైద్యులతో మాట్లాడి నిర్ణయించుకోవలసిన విషయం.

హార్మోన్ పద్ధతులంటే ఏవి? అవి గర్భాన్ని ఎలా ఆపుతాయి?

వీటిలో రెండు వర్గాలున్నాయి. ఈస్ట్రోజెన్, ప్రొజెస్టోజెన్ అనే హార్మోన్లు రెండూ కలిసిన సంయుక్త మాత్రలు, చర్మంపై అంటించుకునే ప్యాచ్, యోనిలో అమర్చుకునే రింగ్ మొదటి వర్గానికి చెందుతాయి. ప్రొజెస్టోజెన్ ఒక్కటే ఉండే మాత్రలు, మూడు నెలలకొకసారి తీసుకునే ఇంజెక్షన్, చేతి చర్మం కింద అమర్చే ఇంప్లాంట్, లెవోనార్జెస్ట్రెల్ అనే ప్రొజెస్టోజెన్‌ను కొద్దికొద్దిగా విడుదల చేస్తూ గర్భాశయంలో ఉండే లూప్ రెండో వర్గానివి. చాలా పద్ధతులు మెదడు నుంచి అండాశయానికి వెళ్లే హార్మోన్ సంకేతాలను అణచి అండం విడుదల కాకుండా చూస్తాయి. దానితోపాటు గర్భాశయ ముఖద్వారం దగ్గరి స్రావం చిక్కబడి శుక్రకణాలకు దారి మూసుకుపోతుంది. హార్మోన్ లూప్ ప్రధానంగా ఈ రెండో విధంగానే పనిచేస్తుంది, అది వాడేవారిలో చాలామందికి అండం మామూలుగానే విడుదలవుతూ ఉంటుంది.

ఇవి 60 ఏళ్లకు పైగా వాడుకలో ఉన్నాయి కదా, ఇంకా పరిశోధన ఎందుకు?

వాడే మందు మారుతోంది, మోతాదు మారుతోంది, వాడేవారూ మారుతున్నారు. 1960లో అమెరికాలో గర్భనిరోధకంగా అనుమతి పొందిన ఎనోవిడ్ మాత్రలో సుమారు 10 మిల్లీగ్రాముల నోరెథినోడ్రెల్ (ప్రొజెస్టోజెన్), 150 మైక్రోగ్రాముల మెస్ట్రనాల్ (ఈస్ట్రోజెన్) ఉండేవి. ఇప్పటి సంయుక్త మాత్రల్లో ఎథినైల్ ఈస్ట్రడయాల్ అనే ఈస్ట్రోజెన్ సాధారణంగా 20 నుంచి 35 మైక్రోగ్రాముల మధ్య ఉంటుంది. అందువల్ల తొలితరం మాత్రలపై వచ్చిన ఫలితాలను నేటి మాత్రలకు నేరుగా అన్వయించడం కుదరదు. పైగా గర్భనిరోధకాన్ని వాడేది ఆరోగ్యంగా ఉన్న మనిషి. వ్యాధిని నయం చేసే మందుకు కొంత నష్టాన్ని ఓర్చుకోవచ్చు, కానీ ఏ జబ్బూ లేని వ్యక్తి ఏళ్ల తరబడి వాడే మందు విషయంలో భద్రతకు పెట్టే గీటురాయి చాలా కఠినంగా ఉండాలి.

మొదటి పరీక్షలు ఎక్కడ జరిగాయి? వాటిపై ఇప్పటికీ విమర్శ ఎందుకు వినిపిస్తుంది?

గ్రెగరీ పింకస్, మిన్ చుయే చాంగ్ అనే శాస్త్రవేత్తలు, జాన్ రాక్ అనే స్త్రీవైద్య నిపుణుడు ఈ పరిశోధనకు ఆద్యులు. గర్భనిరోధక హక్కు కోసం ఉద్యమించిన మార్గరెట్ సాంగర్ ప్రోత్సాహంతో కాథరిన్ మెకార్మిక్ తన సొంత సంపదలోంచి దీనికి డబ్బు సమకూర్చారు. వారు పనిచేసిన మసాచుసెట్స్ రాష్ట్రంలో అప్పటికి గర్భనిరోధకాలపై చట్టపరమైన నిషేధం ఉండడంతో, పెద్ద ఎత్తున జరిపే పరీక్షలను 1956లో అమెరికా పాలనలోని కరీబియన్ దీవి ప్యూర్టో రికోలోని రియో పియెద్రాస్ అనే చోట మొదలుపెట్టారు. అందులో చేరినవారు ఎక్కువగా పేద స్త్రీలు. గర్భం రాకుండా ఆపే మాత్ర అని వారికి తెలుసు, కానీ అది ఇంకా పరీక్షలో ఉన్న మందు అన్న సంగతి గానీ, దానివల్ల రాగల ప్రమాదాలు గానీ వారికి సరిగా చెప్పలేదు.

అక్కడి వైద్య పర్యవేక్షణ చూసిన డాక్టర్ ఎడ్రిస్ రైస్-రే, మాత్ర గర్భాన్ని బాగానే ఆపుతోందని, అయితే 17 శాతం మందిలో వికారం, తలతిరగడం, తలనొప్పి, వాంతులు వంటి ఇబ్బందులు కనిపించాయని, ఇన్ని ఇబ్బందులున్న మాత్రను సాధారణ వాడకానికి ఒప్పుకోవడం కష్టమని నివేదించారు. పరిశోధన బృందం ఆ ఫిర్యాదుల్లో చాలావాటిని మానసికమైనవిగా కొట్టిపారేసింది. ఆ మోతాదు ఎంత ఎక్కువో ఇప్పుడు తెలుసు కాబట్టి, ఆ స్త్రీలు చెప్పింది అక్షరాలా నిజమని మనం ఒప్పుకోవాలి. వారి మాట అప్పుడే విని ఉంటే మోతాదు తగ్గించే పరిశోధన కొన్నేళ్ల ముందే మొదలై ఉండేదని నేను గట్టిగా నమ్ముతాను.

1961లో మాత్ర వాడుతున్న స్త్రీకి ఊపిరితిత్తుల్లో రక్తం గడ్డకట్టిన ఉదంతం వైద్య పత్రికలో వెలువడింది. 1970లో అమెరికా సెనేట్‌లో గేలార్డ్ నెల్సన్ అధ్యక్షతన మాత్ర భద్రతపై విచారణ జరిగినప్పుడు, మాత్ర వాడుతున్న ఒక్క స్త్రీని కూడా సాక్ష్యానికి పిలవలేదని మహిళలు ప్రేక్షకుల వరుసల్లోంచే లేచి నిలదీశారు. ఆ విచారణ తర్వాతే వాడేవారికి అర్థమయ్యే భాషలో దుష్ప్రభావాలు వివరించే కరపత్రాన్ని మాత్రలతోపాటు ఇవ్వాలన్న నియమం వచ్చింది.

ఇప్పుడు కొత్త పద్ధతిని ఏయే దశల్లో పరీక్షిస్తారు?

జంతువులపై విషప్రభావ పరీక్షలు ముగిశాక, మొదటి దశలో కొద్దిమందికి మందు ఇచ్చి అది రక్తంలోకి ఎంత చేరుతుందో, ఎంతసేపు ఉంటుందో కొలుస్తారు. రెండో దశలో సరైన మోతాదును వెతుకుతారు. ఈ దశలో జరిగే పని చాలా ఓపికతో కూడుకున్నది. పాల్గొనే స్త్రీ రెండు మూడు రోజులకొకసారి వచ్చి స్కానింగ్ చేయించుకుంటుంది, అండాశయంలో పెరుగుతున్న అండపుటిక (అండం ఉండే చిన్న సంచి) వ్యాసాన్ని మిల్లీమీటర్లలో నమోదు చేస్తారు, అదే రోజు రక్తంలో ఈస్ట్రడయాల్, ప్రొజెస్టెరాన్ స్థాయిలు చూస్తారు. అండపుటిక 13 మిల్లీమీటర్లు దాటిందా, దాటితే హార్మోన్ స్థాయి కూడా పెరిగిందా, చివరికి అది పగిలి అండం బయటపడిందా అన్నదాన్ని బట్టి 1 నుంచి 6 వరకు అంకె వేసే హూగ్లాండ్ కొలమానం విస్తృతంగా వాడుకలో ఉంది. గర్భం వస్తుందేమో చూసే అవసరం లేకుండానే మోతాదు సరిపోతుందో లేదో దీనితో అంచనా వేయవచ్చు.

మూడో దశలో వందల నుంచి వేలమంది స్త్రీలు ఏడాది లేదా అంతకన్నా ఎక్కువ కాలం ఆ పద్ధతిని వాడతారు. అనుమతి వచ్చి మార్కెట్లోకి వెళ్లాక జరిగే నిఘాను నాలుగో దశ అంటారు. అరుదైన ప్రమాదాలు బయటపడేది చాలావరకు ఈ దశలోనే.

పెర్ల్ సూచిక అంటే ఏమిటి?

100 మంది స్త్రీలు ఒక పద్ధతిని ఏడాదిపాటు వాడితే ఎంతమందికి గర్భం వస్తుందో చెప్పే అంకె ఇది. 1930లలో దీన్ని ప్రతిపాదించిన రేమండ్ పెర్ల్ పేరే దానికి వచ్చింది. లెక్క తేలిక. 28 రోజుల చక్రాలు ఏడాదికి 13 కాబట్టి, వచ్చిన గర్భాల సంఖ్యను 1300తో గుణించి, మొత్తం చక్రాల సంఖ్యతో భాగిస్తారు. 500 మంది తలా 13 చక్రాలు వాడితే 6,500 చక్రాలు. ఆ కాలంలో 5 గర్భాలు వస్తే సూచిక 1 అవుతుంది.

లెక్క తేలికే అయినా, ఏ చక్రాలను లెక్కలోకి తీసుకున్నారన్నది చాలా ముఖ్యం. ఒక నెలలో కండోమ్ కూడా వాడితే, లేదా ఆ నెలలో అసలు కలయికే జరగకపోతే, ఆ చక్రాన్ని తీసివేయాలి. లేకపోతే పద్ధతి ఉన్నదానికన్నా గొప్పగా కనిపిస్తుంది. వయసు కూడా ఇలాంటిదే, 35 ఏళ్లు దాటాక గర్భం వచ్చే అవకాశం సహజంగానే తగ్గుతుంది కాబట్టి ప్రధాన లెక్కను 35 లోపు వారితోనే వేయడం ఆనవాయితీ. గర్భం తేలికగా వచ్చేవారు మొదటి నెలల్లోనే గర్భం దాల్చి పరీక్ష నుంచి వెళ్లిపోతారు గనుక, పరీక్షను ఎక్కువకాలం సాగదీసిన కొద్దీ సూచిక తగ్గుతూ పోతుంది. ఈ లోపం వల్లనే నెలనెలా విడిగా లెక్కగట్టే జీవన పట్టిక పద్ధతిని కూడా పక్కన చూపాలని నియంత్రణ సంస్థలు అడుగుతాయి. యూరప్ మార్గదర్శకాల ప్రకారం, సూచికకు, దాని 95 శాతం విశ్వాస అవధిలోని (అసలు విలువ ఉండే అవకాశమున్న పరిధిలోని) పై హద్దుకు మధ్య తేడా 1 దాటకూడదు. అంత కచ్చితత్వం కావాలంటే పరీక్ష పెద్దదిగా ఉండక తప్పదు.

మాత్రలు 99 శాతం పనిచేస్తాయని ఒకచోట, 93 శాతమని మరోచోట ఉంటుంది. ఏది నిజం?

రెండూ నిజమే. ఒక్క మాత్ర కూడా మరవకుండా వాడితే ఏడాదిలో గర్భం వచ్చేది 100 మందిలో ఒకరికన్నా తక్కువ మందికి. నిత్యజీవితంలో మరచిపోవడాలు, ఆలస్యాలు కలుపుకుంటే సుమారు 7 మందికి. ఇంప్లాంట్, హార్మోన్ లూప్ విషయంలో ఈ రెండు అంకెల మధ్య తేడా దాదాపు ఉండదు, ఎందుకంటే అమర్చాక వాడేవారు రోజూ గుర్తుపెట్టుకోవలసినదేమీ లేదు.

ఇక్కడ పరిశోధకులను ఎప్పుడూ వేధించే చిక్కు ఒకటుంది. మాత్ర వేసుకున్నారా లేదా అన్నది పాల్గొనేవారి డైరీని బట్టే తెలుస్తుంది. 2023లో అమెరికాలో వైద్యుల చీటీ లేకుండా కొనుక్కునేందుకు అనుమతి పొందిన ఓపిల్ అనే నార్జెస్ట్రెల్ మాత్ర పరీక్షలో, గణనీయమైన సంఖ్యలో పాల్గొన్నవారు తమకు ఇచ్చిన మాత్రలకన్నా ఎక్కువ వేసుకున్నట్లు నమోదు చేశారు. ఇది వారి నిజాయితీకి సంబంధించిన విషయమని తేల్చేయడం న్యాయం కాదు. రోజూ ఎలక్ట్రానిక్ డైరీ గుర్తు చేస్తూ ప్రశ్న అడుగుతుంటే, ‘అవును’ అని నొక్కడం అలవాటుగా మారిపోవడం మనిషి సహజం. నియంత్రణ సంస్థ ఆ సమాచారాన్ని తీసివేసి, ఉంచి, రకరకాలుగా విశ్లేషణ చేయించాకే నిర్ణయం తీసుకుంది.

ఈ పరీక్షల్లో ఉత్తుత్తి మాత్రలు ఎందుకు ఇవ్వరు?

గర్భం వద్దనుకుని వచ్చిన స్త్రీకి మందులేని మాత్ర (ప్లాసిబో) ఇస్తే ఆమెకు గర్భం వస్తుంది. దానికి మించిన కారణం అక్కర్లేదు. అయినా 1971లో టెక్సాస్‌లోని శాన్ ఆంటోనియోలో సరిగ్గా ఇదే జరిగింది. దుష్ప్రభావాల్లో నిజమైనవెన్నో తేల్చే పేరుతో, గర్భనిరోధకం కోసం క్లినిక్‌కు వచ్చిన మెక్సికన్ మూలాలున్న పేద స్త్రీలలో కొందరికి వారికి తెలియకుండా ప్లాసిబో ఇచ్చారు. వారిలో పలువురు గర్భవతులయ్యారు. ఆ పరిశోధన ప్రశ్న శాస్త్రీయంగా ఎంత ఆసక్తికరమైనదైనా, దాన్ని సమర్థించే వాదన ఏదీ నాకు కనిపించదు. నేడు సమర్థతను చూసే పరీక్షల్లో అందరికీ అసలు మందే ఇస్తారు, లేదా ఇప్పటికే అనుమతి ఉన్న మరో పద్ధతితో పోల్చి చూస్తారు. మొటిమలు, అధిక రక్తస్రావం వంటి ఇతర ప్రయోజనాలను పరీక్షించేటప్పుడు ప్లాసిబో వాడవచ్చు, కానీ హార్మోన్ లేని వేరే గర్భనిరోధకం వాడమని వారికి ముందే స్పష్టంగా చెప్పాలి.

రక్తం గడ్డకట్టే ప్రమాదం ఎంత? పరీక్షల్లోనే అది ఎందుకు తేలిపోదు?

సంయుక్త మాత్రలు వాడని, గర్భవతులు కాని 10,000 మంది స్త్రీలలో ఏడాదికి 1 నుంచి 5 మందికి సిరల్లో రక్తం గడ్డకడుతుంది. వాడేవారిలో 3 నుంచి 9 మందికి, గర్భవతుల్లో 5 నుంచి 20 మందికి, ప్రసవం తర్వాతి 12 వారాల్లో 40 నుంచి 65 మందికి అలా జరుగుతుందని అమెరికా నియంత్రణ సంస్థ ఇచ్చిన అంచనా. 2,000 మంది ఏడాదిపాటు పాల్గొన్న పరీక్షలో ఇలాంటి ఉదంతాలు ఒకటో రెండో కనిపించవచ్చు, అసలు కనిపించకపోనూవచ్చు. రెండు మాత్రల మధ్య తేడా తేల్చడానికి ఆ సంఖ్య ఏమాత్రం సరిపోదు. అందుకే లక్షల మంది వైద్య రికార్డులను పరిశీలించే అధ్యయనాలు కావాలి.

ఆ ఫలితాలను ప్రజలకు ఎలా చెబుతామన్నది కూడా భద్రతలో భాగమే. 1995 అక్టోబరులో బ్రిటన్‌లోని ఔషధ భద్రతా కమిటీ, డెసోజెస్ట్రెల్, జెస్టోడిన్ అనే ప్రొజెస్టోజెన్‌లు ఉన్న మాత్రలతో రక్తం గడ్డకట్టే ప్రమాదం పాత మాత్రలతో పోలిస్తే సుమారు రెట్టింపు అని హెచ్చరించింది. రెట్టింపు అన్న మాటే పత్రికల్లో ప్రముఖంగా వచ్చింది, ఎంతకు రెట్టింపు అన్నది వెనక్కి పోయింది. చాలామంది వైద్యులను కలవకుండానే మాత్రలు మానేశారు, ఆ మరుసటి ఏడాది ఇంగ్లండ్, వేల్స్‌లలో చేయించుకున్న గర్భస్రావాల సంఖ్య వేలల్లో పెరిగింది. గర్భధారణలో ఆ ప్రమాదం మాత్రలవల్ల వచ్చేదానికన్నా ఎక్కువ. కాబట్టి ఏ వార్తలోనైనా ‘ఇన్ని రెట్లు’ అని కనిపిస్తే, ‘10,000 మందిలో ఎంతమందికి’ అని వెంటనే అడగండి.

పొగతాగే 35 ఏళ్లు దాటినవారు, కళ్ల ముందు మెరుపులు కనిపించే తరహా మైగ్రేన్ ఉన్నవారు ఈస్ట్రోజెన్ ఉన్న పద్ధతులకు దూరంగా ఉండాలి. వారికి ధమనుల్లో అడ్డంకులు ఏర్పడి పక్షవాతం వంటివి వచ్చే ప్రమాదం పెరుగుతుంది.

క్యాన్సర్ విషయంలో పరిశోధనలు ఏం చెబుతున్నాయి?

రెండు వైపులా చెబుతున్నాయి. డెన్మార్క్‌లో సుమారు 18 లక్షల మంది స్త్రీల రికార్డులతో 2017లో వెలువడిన అధ్యయనంలో, హార్మోన్ పద్ధతులు వాడేవారిలో రొమ్ము క్యాన్సర్ 20 శాతం ఎక్కువగా కనిపించింది. ఏడాదిపాటు వాడిన సుమారు 7,690 మందిలో ఒక అదనపు కేసు అన్నమాట. మాత్రలను చాలా ఏళ్లు వాడేవారిలో గర్భాశయ ముఖద్వార క్యాన్సర్ ప్రమాదం కూడా కొంత పెరుగుతుంది, మానేశాక క్రమంగా తగ్గుతుంది. మరోవైపు, 1968లో బ్రిటన్‌లో 46,000 మంది స్త్రీలతో మొదలై దశాబ్దాలపాటు సాగిన అధ్యయనంలో, మాత్రలు వాడినవారికి అండాశయ, గర్భాశయ, పెద్దపేగు క్యాన్సర్లు తక్కువగా వచ్చాయి. అండాశయ క్యాన్సర్ నుంచి లభించే రక్షణ మాత్రలు మానేసిన 30 ఏళ్ల తర్వాత కూడా కొంత మిగిలి ఉంటుందని 2008లో 45 అధ్యయనాలను కలిపి చేసిన విశ్లేషణ చూపింది.

మనసు మీద ప్రభావం ఉంటుందా?

డెన్మార్క్‌లోనే 15 నుంచి 34 ఏళ్ల వయసున్న 10 లక్షల మందికి పైగా స్త్రీల రికార్డులతో 2016లో వచ్చిన అధ్యయనం, సంయుక్త మాత్రలు వాడేవారిలో తొలిసారి డిప్రెషన్ మందులు మొదలుపెట్టడం 1.23 రెట్లు ఎక్కువని, కౌమారంలో ఉన్నవారిలో ఈ తేడా ఇంకా పెద్దదని తేల్చింది. ఇది పరిశీలనాత్మక అధ్యయనం, అంటే ఎవరు ఏం వాడాలో పరిశోధకులు నిర్ణయించకుండా, జరిగినదాన్ని మాత్రమే చూసేది. గర్భనిరోధకం మొదలుపెట్టే కాలంలోనే జీవితంలో కొత్త సంబంధాలు, కొత్త ఒత్తిళ్లు కూడా మొదలవుతాయి, వాటి ప్రభావాన్ని రికార్డుల్లోంచి పూర్తిగా వేరుచేయడం సాధ్యం కాదు. ఇబ్బంది పడినవారు త్వరగా మానేయడం వల్ల, కొనసాగినవారిని మాత్రమే చూస్తే ప్రభావం తక్కువగా కనిపించే ప్రమాదమూ ఉంది. సగటు తేడా చిన్నదైనంత మాత్రాన, దిగులు కమ్ముకుందని చెప్పే వ్యక్తి మాటను తోసిపుచ్చకూడదు. ప్యూర్టో రికోలో జరిగిన తప్పు సరిగ్గా అదే.

ఎవరు ఏ పద్ధతి వాడాలో లాటరీ ద్వారా నిర్ణయించే పరీక్షలు జరుగుతాయా?

అరుదుగా జరుగుతాయి, ఎందుకంటే గర్భనిరోధకం ఎంపిక చాలా వ్యక్తిగతం. అయినా కొన్ని ప్రశ్నలకు వేరే మార్గం లేదు. మూడు నెలల ఇంజెక్షన్ వాడితే హెచ్‌ఐవీ సోకే ప్రమాదం పెరుగుతుందా అన్న అనుమానం పరిశీలనాత్మక అధ్యయనాలవల్ల పాతికేళ్లకు పైగా తేలకుండా ఉండిపోయింది. 2015 నుంచి 2018 వరకు ఎస్వాతిని, కెన్యా, దక్షిణాఫ్రికా, జాంబియాలలో 7,829 మంది స్త్రీలు పాల్గొన్న, ‘ఎకో’ అనే పేరున్న పరీక్షలో ఇంజెక్షన్, కాపర్ లూప్, లెవోనార్జెస్ట్రెల్ ఇంప్లాంట్‌లను యాదృచ్ఛికంగా కేటాయించారు. మూడింటి మధ్య చెప్పుకోదగిన తేడా కనిపించలేదు. అదే సమయంలో, నివారణ సేవలు అందుతున్నా 397 మందికి హెచ్‌ఐవీ సోకింది. ఆ అంకె నన్ను ఎక్కువ కలచివేసింది.

బరువు ఎక్కువ ఉన్నవారిని పరీక్షల్లోకి ఎందుకు తీసుకునేవారు కాదు?

రక్తం గడ్డకట్టే ప్రమాదం వారిలో సహజంగానే ఎక్కువన్నది చెప్పుకునే కారణం. దాని ఫలితంగా, అనుమతి వచ్చాక అదే మందు వాడే లక్షల మందికి సంబంధించి ఆధారమే లేకుండా పోయింది. ఎక్కువ బరువున్నవారిని కూడా చేర్చుకున్న ట్విర్లా ప్యాచ్ పరీక్షల్లో పెర్ల్ సూచిక 4.8గా తేలింది, బాడీ మాస్ సూచిక (ఎత్తుతో పోల్చి బరువును చూపే అంకె) 30, అంతకు మించి ఉన్నవారు దాన్ని వాడకూడదన్న షరతుతో 2020లో అనుమతి లభించింది. అంకె నిరాశపరిచేదే అయినా, తెలియకపోవడం కన్నా తెలియడమే మేలు.

పురుషులకు హార్మోన్ పద్ధతి ఎందుకు ఇంకా రాలేదు?

బయటి నుంచి టెస్టోస్టెరాన్ ఇస్తే చాలామందిలో వృషణాల్లో శుక్రకణాల ఉత్పత్తి ఆగిపోతుందని 1990లలోనే ప్రపంచ ఆరోగ్య సంస్థ పరీక్షలు నిరూపించాయి. శుక్రకణం తయారీకి రెండు నెలలకు పైగా పడుతుంది కాబట్టి ప్రభావం మొదలవడానికి సమయం కావాలి. మిల్లీలీటరుకు 10 లక్షలు, అంతకన్నా తక్కువకు సంఖ్య పడిపోవడాన్ని లక్ష్యంగా పెట్టుకుంటారు. 8 వారాలకొకసారి ఇచ్చే ఇంజెక్షన్లను 320 మంది పురుషులపై పరీక్షించినప్పుడు అవి గర్భాన్ని బాగానే ఆపాయి. కానీ మనోస్థితిలో మార్పులు, ఇతర ఇబ్బందులను చూసి భద్రతను సమీక్షించే కమిటీ 2011లో నిలిపివేయమంది. పాల్గొన్నవారిలో నాలుగింట మూడు వంతులకు పైగా మాత్రం ఆ పద్ధతిని వాడడానికి సుముఖత చూపారు.

స్త్రీలు అవే ఇబ్బందులను దశాబ్దాలుగా భరిస్తున్నారు కదా అన్న ప్రశ్న అప్పుడు చాలామంది వేశారు, అది న్యాయమైన ప్రశ్నే. స్త్రీ విషయంలో మందు నష్టాన్ని గర్భధారణ నష్టంతో తూచి చూస్తారు, పురుషుడి శరీరానికి అలాంటి నష్టం లేదు కాబట్టి త్రాసు వేరుగా ఉంటుందని నియంత్రణ సంస్థల వాదన. దంపతులిద్దరినీ కలిపి తూచే విధానం రావాలన్నది నా అభిప్రాయం. ప్రస్తుతం ముందున్నది రోజూ భుజాలకు రాసుకునే జెల్. సెజెస్టెరాన్ ఎసిటేట్ (ఒక ప్రొజెస్టోజెన్), టెస్టోస్టెరాన్ కలిపిన దీన్ని 2018 నుంచి రెండో దశలో పరీక్షించారు. 2024లో ప్రకటించిన ఫలితాల ప్రకారం 15 వారాలకు 86 శాతం మందిలో శుక్రకణాల సంఖ్య లక్ష్యానికి చేరింది.

పరీక్షలో పాల్గొనాలనుకుంటే ముందుగా ఏం అడగాలి?

సమ్మతి పత్రాన్ని ఇంటికి తీసుకువెళ్లి చదువుకునే సమయం అడగండి. ఎన్నిసార్లు రావాలి, ఎంత రక్తం తీస్తారు, డైరీ ఎలా నింపాలి, మందువల్ల హాని జరిగితే వైద్యఖర్చు, పరిహారం ఎవరు భరిస్తారు, పరీక్ష ముగిశాక ఆ పద్ధతి కొనసాగించే వీలుంటుందా అన్నవి తెలుసుకోండి. క్షయకు వాడే రిఫాంపిసిన్, మూర్ఛకు వాడే కార్బమజెపిన్ వంటి మందులు హార్మోన్లను త్వరగా విచ్ఛిన్నం చేస్తాయి కాబట్టి మీరు వాడుతున్న ప్రతి మందునూ చెప్పాలి. ఇంజెక్షన్ పరీక్షలో చేరేవారు, చివరి మోతాదు తర్వాత గర్భం రావడానికి సగటున 10 నెలలు పట్టవచ్చని గుర్తుంచుకోవాలి. ఏ దశలోనైనా, కారణం చెప్పకుండానే తప్పుకోవచ్చు. దానివల్ల మీకు అందే మామూలు వైద్యం ఆగకూడదు.

పరీక్షలో ఉండగా గర్భం వస్తే ఏమవుతుంది?

మందు వెంటనే ఆపుతారు. గర్భం ఏ తేదీన వచ్చిందో స్కానింగ్ ద్వారా అంచనా వేస్తారు, ఎందుకంటే అది మందు వాడకముందే వచ్చిందా, వాడుతుండగా వచ్చిందా, మానేశాక వచ్చిందా అన్నదాన్ని బట్టి లెక్క మారుతుంది. గర్భాన్ని కొనసాగించాలా వద్దా అన్న నిర్ణయం పూర్తిగా ఆమెదే, అందులో పరిశోధన బృందానికి ఏ పాత్రా లేదు. కొనసాగిస్తే, ఆమె ఒప్పుకున్న మేరకు ప్రసవం వరకు ఆమె ఆరోగ్యాన్ని, తర్వాత బిడ్డ ఆరోగ్యాన్ని నమోదు చేస్తారు. ఈ ఏర్పాట్లన్నీ సమ్మతి పత్రంలో ముందే రాసి ఉండాలి. రాసి లేకపోతే సంతకం చేయడానికి ముందే, పాల్గొనేవారి హక్కులను కాపాడే ఎథిక్స్ కమిటీకి ఫోన్ చేసి అడగవచ్చు, ఆ నంబరు అదే పత్రంలో ఉంటుంది.